నేను తీసేసిన పద్దెనిమిది పంక్తులు

మార్చి 3, సోమవారం

యాభై ఏళ్ళు వచ్చాయి. నా గురించి నేను ఇంతవరకు ఒక్క పేజీ రాసుకోలేదు, ఆ అవసరం రాలేదు. మనసులో ఏదైనా నలుగుతుంటే తెల్లవారగానే దేవుడి ముందు కూర్చుని చెప్పుకునేదాన్ని. చెప్పాక తేలికపడేది. ఇప్పుడు వారం రోజులుగా కూర్చుంటున్నాను. రోజూ చేసే ప్రార్థన నోటికి వచ్చేస్తోంది, ఆ తర్వాత నా సొంత మాట దగ్గరికి వచ్చేసరికి అక్కడే ఆగిపోతున్నాను. అందుకే ఇవాళ ఆఫీసు నుంచి వచ్చే దారిలో ఈ నోటుపుస్తకం కొన్నాను. ఆఫీసులో ఇలాంటివి దొంతరలుగా ఉన్నాయి. వాటిని ముట్టుకోబుద్ధి కాలేదు.

ఇంట్లో ఇది చదివేవాళ్ళు లేరు. మా ఆయన పోయాక ఉన్నది నేనూ, అత్తయ్యా. ఆవిడకు చూపు పోయి ఆరేళ్ళు. కింద కాగితం పెడితే పైకి చదివి వినిపించే పెట్టె ఒకటి ఆవిడ మంచం పక్కన ఉంది, మా తమ్ముడి కంపెనీ తయారుచేసిందే. అచ్చు ఎంత పాతదైనా గడగడా చదివేస్తుంది. చేతిరాత మాత్రం దానికి కొరుకుడు పడదు. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

పోయిన సోమవారం మా తమ్ముడి పేరున ఒక ఉత్తరం వచ్చింది. ఎవరో పెద్దాయన. అచ్చులో అతుక్కుపోయిన అక్షరాలను విడదీసే ప్రోగ్రాం ఆయన రాసిందట. దాన్ని ఆయన పెట్టిన షరతు తప్పించి మా పెట్టెలో వాడుకున్నామట.

ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది.

మార్చి 4

నా పని ఏమిటో నేనే ఒకసారి వరుసగా రాసుకుంటే ఎక్కడ తప్పిందో తేలుతుంది.

కంపెనీలో మేము పదకొండుమందిమి. పెట్టెలో నడిచే సాఫ్ట్‌వేర్ అంతా మావాళ్ళు మొదటినుంచి రాయరు. ఎక్కడెక్కడివాళ్ళో రాసి, అందరూ వాడుకోండని పెట్టిన ప్రోగ్రాములు ఉంటాయి. ఓపెన్ సోర్స్ అంటారు. వాటిని తెచ్చి కలుపుకుంటారు. ప్రతి ఫైలు పైన రాసినవాళ్ళ పేరు, ఏ షరతు మీద ఇచ్చారో ఉంటుంది. దాన్ని లైసెన్స్ అంటారు. ఆ పై పంక్తులు చదివి, పట్టికలో ఎక్కించి, రంగు గుర్తు పెట్టడం నా పని.

పది చదివిన ఇంగ్లిషుతో ఇది నావల్ల అవుతుందా అని భయపడితే, నేర్పింది చీమ. చీమ అంటే ప్రోగ్రాములు రాసే అమ్మాయి. కోడ్‌లో లైను వెంట లైను పాకుతూ తప్పులు పడుతుందని తమ్ముడు పెట్టిన పేరు అది. ఆ పిల్ల నవ్వేసి అదే ఉంచేసుకుంది.

"రకాలు రెండే అక్కా" అంది. "ఒకళ్ళేమో, తీసుకో, మార్చుకో, అమ్ముకో, లోపలి కోడ్ ఎవరికీ చూపకుండా తాళం వేసుకో, నా పేరు మాత్రం చెరపకు అంటారు. అది పచ్చ. ఇంకొకళ్ళు, తీసుకో, మార్చుకో, అమ్ముకో కూడా, కానీ నువ్వు ఎవరికిచ్చినా లోపలి కోడ్‌తో సహా ఇదే షరతు మీద ఇవ్వు అంటారు. అది కాపీలెఫ్ట్. ఎరుపు. ఎరుపుని మన దాంతో కలిపామంటే మనదీ తెరిచి పెట్టాలి. సార్‌కి అది కుదరదు. ఎరుపు కనబడితే పక్కన పెట్టి నాకు చెప్పండి."

నేను ఎక్కించిన పేజీలు ఆ అమ్మాయి చూసి సంతకం పెడుతుంది. పచ్చవాళ్ళ పేర్లన్నీ పెట్టెతో ఇచ్చే చిన్న పుస్తకంలో అచ్చు వేస్తాం. అంతే పని.

వరుసగా రాసినా తేలలేదు.

మార్చి 5

ఒకదాని బదులు ఇంకొకటి వచ్చి పడి ఉంటుంది. మూడు వందల పైచిలుకు ఫైళ్ళు. మనిషినే కదా.

మార్చి 6

ఇవాళ తమ్ముడు చీమనీ నన్నూ తన గదిలోకి పిలిచాడు. పట్టికలో పద్నాలుగో పేజీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమ్మా, ఈ సంతకం ఎవరిది?"

"నాదే సార్."

"ఆయన ఎరుపు మీద ఇచ్చిన ఫైలు. ఇక్కడేమో పచ్చ. ఆయన దగ్గరున్న దాని పైన పద్దెనిమిది లైన్లున్నాయి. మన దగ్గరున్న దాని మీద అవి లేవు, ఇంకేవో ఆరు లైన్లున్నాయి. వాటంతట అవే నడిచొచ్చి కూర్చున్నాయా?"

"ఆ ఆరూ ఆయనవే సార్. పాత వెర్షన్‌వి. అప్పట్లో ఆయన పచ్చ మీదే ఇచ్చారు, తర్వాత మార్చుకున్నారు. అక్షరాలు విడదీసేది కొత్తదాంట్లోనే ఉంది. నేనే పాతదీ కొత్తదీ కలగలిపేసి చూశానేమో..."

"చూశానేమో ఏంటమ్మా! చీమవి కదా నువ్వు, పద్దెనిమిది లైన్లు ఎలా దాటేశావ్? రెక్కలొచ్చాయా?"

ఆ అమ్మాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. పేజీని దగ్గరగా పట్టుకుని చూసింది.

తమ్ముడు నా వైపు తిరిగాడు. "అక్కా, ఫైల్లో ఉన్నది ఉన్నట్టే ఎక్కించావు కదా నువ్వు?"

తల ఊపాను.

ఎటు ఊపానో సరిగ్గా గుర్తులేదు. అవునన్నట్టే అనుకుంటాను.

మార్చి 8, శనివారం

తమ్ముడు జవాబు రాయడానికి పనికొస్తుందని ఆ ఉత్తరానికి ఒక నకలు నాకిచ్చాడు. సంచిలో పెట్టుకొచ్చి మర్చిపోయాను. మర్చిపోయానా? తీసి చదవలేక అలా వదిలేశాను.

మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే గదిలోంచి పెట్టె గొంతు వినబడింది. అత్తయ్య మందుల చీటీ కోసం నా సంచి తడిమి, చేతికొచ్చిన కాగితం దాని కింద పెట్టింది. ఆ గొంతులో కోపమూ ఉండదు, జాలీ ఉండదు.

"అయ్యా. నేను ముప్పై ఏళ్ళు ప్రెస్సులో అక్షరాలు కూర్చినవాణ్ణి. సిరా ఎక్కువైతే ఏ అక్షరం ఏ అక్షరానికి అంటుకుంటుందో నా వేళ్ళకు తెలుసు. రిటైరయ్యాక ప్రోగ్రాం రాయడం నేర్చుకుని, మా చెల్లెలు పాఠాలు చెప్పే అంధుల బడి కోసం ఇది రాశాను. మొదట రాసినప్పుడు నా పేరు ఉంచితే చాలన్నాను. ఒక కంపెనీ తీసుకుంది, బాగా మెరుగుపరిచింది, తాళం వేసింది. నా పేరు మాత్రం పొందిగ్గా ఉంచింది. ఏ బడి కోసం రాశానో ఆ బడికి ఆ మెరుగైనది అందలేదు. వాళ్ళ తప్పేమీ లేదు, నేను అడగలేదు. రెండోసారి రాసినప్పుడు అడిగాను. తీసుకున్నవాళ్ళు తర్వాతివాళ్ళకు ఇలాగే ఇవ్వాలని రాశాను. మీ పుస్తకంలో నా పేరు వేశారు. నా పేరు నాకు అక్కర్లేదు. నా షరతు ఎక్కడ?"

తడి చేతులతో గుమ్మంలో నిలబడిపోయాను. ఆయన ఉత్తరాన్ని ఆయన ప్రోగ్రామే చదువుతోంది.

"ఎవరో గాని బాగా అడిగాడే" అంది అత్తయ్య. "ఇంతకీ ఆ షరతు మింగేసిన మహానుభావుడెవరు?"

"ఎవరో ఆఫీసులో, అత్తయ్యా."

"నీ గొంతేంటే అలా ఉంది?"

"జలుబు."

"ఈ పెట్టెకి జలుబు చెయ్యదు, నీకన్నా నయం" అని కాగితం మడిచి నా వైపు చాపింది. నేనున్న చోటికి కాదు, కాస్త పక్కకి. వెళ్ళి తీసుకున్నాను.

మార్చి 9, ఆదివారం

పొరపాటు జరిగి ఉంటుంది అని రాశాను. వచ్చి పడి ఉంటుంది అని రాశాను. ఇవాళ ఆ పేజీలు చదువుకున్నాను. నాకు నేను అబద్ధం చెప్పుకోవడానికి పుస్తకం కొనాలా?

పడలేదు. నేనే పెట్టాను.

నవంబరులో చీమ జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదు. ఆ శుక్రవారానికి ఇరవై బడులకు పెట్టెలు బయల్దేరాలి. అంతకు ముందే రెండు ఎరుపులు దొరికి, వాటి బదులు మావాళ్ళు కొత్తగా రాయడానికి నెలన్నర పట్టింది. తమ్ముడు ఫోను పెట్టేసి నా పక్క కుర్చీలో కూలబడ్డాడు. "ఇంకొక్క ఎరుపు తగిలిందంటే నా పని అయిపోయినట్టే అక్కా" అని బల్ల మీద తల వాల్చాడు. చిన్నప్పుడు ఒళ్ళు వెచ్చబడితే నా ఒళ్ళో అలాగే తల పెట్టుకునేవాడు. అమ్మ పనికి వెళ్ళేది, వాణ్ణి చంకనేసుకుని తిరిగింది నేను.

ఆ పద్దెనిమిది పంక్తులు అప్పటికే నా తెర మీద ఉన్నాయి. రెండుసార్లు చదివాను. ఎరుపని నాకు తెలుసు.

చెయ్యమని వాడు అనలేదు. వాడికి తెలియనే తెలియదు. ఇది స్పష్టంగా రాయాలి, ఎందుకంటే ఈ వారమంతా లోలోపల వాడి మీదికి నెట్టేస్తూ వచ్చాను.

వాడు లేచి వెళ్ళాక ఆయన పాత ఫైలు వెతికి తీశాను. ఒకసారి పచ్చ మీద ఇచ్చిన మనిషి మళ్ళీ ఎరుపు పెట్టాడంటే ఏదో విసుగులో పెట్టి ఉంటాడు, మనసు మంచిదే అయి ఉంటుంది అనుకున్నాను. పాత ఆరు పంక్తులు తెచ్చి పైన పెట్టి, పద్దెనిమిదీ తీసేశాను. పేరు మాత్రం ముట్టుకోలేదు. పేరు తీస్తే దొంగతనం అవుతుందనిపించింది. అలా అనుకుని నిమ్మళంగా పచ్చ గుర్తు పెట్టాను. మర్నాడు ప్రార్థనలో, మా తమ్ముడి గండం గడిచినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను కూడా.

జ్వరం తగ్గి వచ్చిన చీమ నలభై పేజీలు ముందేసుకుని, "మీరు రాశారంటే ఇంక చూసేదేముంది అక్కా" అంటూ గబగబా సంతకాలు పెట్టింది. పక్కనే నిలబడి పేజీలు తిప్పింది నేను.

మార్చి 10

చీమని రావద్దన్నారు.

అరవలేదు తమ్ముడు. "నమ్మకం పోయిందమ్మా, నమ్మకం లేకుండా నీ చేత సంతకం పెట్టించుకోలేను" అన్నాడు. ఆ అమ్మాయి బల్ల సర్దుకుంటుంటే నేను వెళ్ళి సాయం చేశాను. నీళ్ళ సీసా, ఒక దువ్వెన, రెండు పుస్తకాలు. సంచి భుజానికి తగిలించుకుని నా చెయ్యి పట్టుకుంది.

"మీకు పని పెంచి వెళ్తున్నా అక్కా. ఆ పట్టికంతా మళ్ళీ మీరే చూసుకోవాలి. సారీ."

సారీ అంది నాకు.

మార్చి 11

ఆఫీసుకు వెళ్ళాను. వచ్చాను.

మార్చి 12

తెల్లవారుజామున కూర్చోలేదు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. ఆ అమ్మాయి ముందు నిలబడలేనిదాన్ని, దేవుడి ముందు ఏ ముఖంతో కూర్చుంటాను?

మార్చి 13

ఇవాళ చెప్పాను.

అందరూ భోజనానికి వెళ్ళాక తమ్ముడి గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. ఆ పంక్తులు మార్చింది నేనేరా అన్నాను. ముందు నవ్వాడు. ఆ పిల్ల మీద జాలితో నామీద వేసుకుంటున్నా అనుకున్నాడు. పాత ఫైలు ఎక్కడినుంచి తెచ్చానో, ఏ రోజు తెచ్చానో చెప్పేసరికి నవ్వు ఆగింది. లేచి తలుపు గడియ పెట్టాడు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనకు. ఆ అమ్మాయి చురుకైంది, ఇంకోచోట చేరిపోతుంది. నీకీ వయసులో ఎవరిస్తారక్కా పని? పైగా ఆ పెద్దాయనొకడు. ఇచ్చినవాడు ఇచ్చి మర్చిపోవాలి. ఇచ్చిన దానికి తాడు కట్టి కొస చేత్తో పట్టుకోవడం ఏం దానం?"

నాకు వాదించడం రాదు. అయినా నోటికొచ్చింది అన్నాను. "కొస ఆయన చేతిలో లేదురా. తీసుకున్నవాడల్లా పక్కవాడికి అందించాలన్నాడు, అంతే. తాడు లేకుండా ఇచ్చినప్పుడు ఏమైందో ఉత్తరంలో రాశాడుగా. ఇష్టం లేకపోతే ఆయనది మానేసి మనమే రాసుకోవలసింది. తీసుకుని, షరతు నేను మింగేశాను."

"నాకోసమే చేశావుగా? నాకోసమే ఊరుకో."

"నువ్వు అడక్కుండానే చేశాన్రా అప్పుడు. ఇప్పుడు అడుగుతున్నా చెయ్యలేను."

ఇంత గట్టిగా వాడితో ఎప్పుడూ మాట్లాడలేదు. నిజానికి గొంతు పెంచనేలేదు. వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. "వెళ్ళక్కా, నాకు పనుంది" అన్నాడు.

మార్చి 15, శనివారం

చీమ ఉండే గదికి వెళ్ళాను. మూడో అంతస్తు. కుర్చీ మీద ఆరేసిన బట్టలు తీసి కూర్చోమంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

విన్నంతసేపూ ఆ బట్టలు మడత పెడుతూనే ఉంది. అయిపోయాక అడిగింది. "ఆ రోజు సార్ అడిగితే మీరు తల ఊపారు. నేను మీ మొహమే చూస్తున్నా అక్కా. అక్క చూసి రాసుంటే తప్పు నాదే అనుకున్నా. కళ్ళకేదో అయిందని కంటి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళా. ఆవిడ అక్షరాల బోర్డు మొత్తం చదివించింది. బాగానే ఉన్నాయి, ఎందుకొచ్చావంది. ఏం చెప్పను?"

క్షమించమన్నాను. చేతులు జోడించబోతే పట్టుకుని కిందికి దించేసింది.

"వద్దు. మీరు దణ్ణం పెడితే నేను సరేలే అనాలి. నాకు అనాలని లేదు."

తిరిగి వచ్చేస్తుంటే మెట్ల దాకా వచ్చి అంది. "ఆయన షరతుల్లో ఒకటుంది, చదివారో లేదో. ఫైలు ఎవరు మార్చినా, మేం మార్చామని అందులోనే రాయాలి, తేదీతో. మీరు తీసేసిన వాటిల్లో అదీ ఉంది. సారీ నాకొద్దక్కా. అక్కడ రాయండి."

చదివాను. రెండుసార్లు చదివానని పైన రాశానుగా.

మార్చి 16

పెద్దాయనకు ఉత్తరం రాశాను, చేత్తోనే. నా పేరు, ఏం చేశానో, ఏ రోజు చేశానో. సంతకం పెట్టిన అమ్మాయికి ఏమీ తెలియదని. మా తమ్ముడికీ అప్పుడు తెలియదని. నాలుగు కాగితాలు చింపాక అయిదోది కుదిరింది. చింపిన వాటిల్లో నా కష్టాలు చెప్పుకున్నాను.

పోస్టు డబ్బాలో వేసి వచ్చాక తమ్ముడికి చెప్పాను.

మార్చి 20

నాలుగు రోజులుగా ఆఫీసులో తమ్ముడు నన్ను "మేడం" అంటున్నాడు.

మార్చి 24

ఆయన జవాబు వచ్చింది, తమ్ముడికి. నాకు వేరే ఏమీ లేదు. దండన ఏదీ అడగలేదు. రెండు దారులన్నాడు. నాది తీసేసి మీరే రాసుకోండి, లేదా దాంతో కలిపింది తెరిచి పెట్టండి. పెట్టెలు అమ్ముకోవడానికి నాకేం అభ్యంతరం లేదు, లోపల ఏముందో అడిగినవాళ్ళకు చూపించండి, చాలు.

తమ్ముడు ముందు మొదటి దారి పట్టాడు. ఆయన ప్రోగ్రాం తీసేసి ఒక పాత పుస్తకం పెట్టి చూశాడు. పెట్టె పంక్తికి మూడు చోట్ల తడబడింది. వినడానికి ఇరవై బడుల నుంచి ఎవరూ రాలేదు గాని, వాళ్ళందరూ వింటున్నట్టే వాడి ముఖం మాడిపోయింది.

సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చాడు. "తెరిచేస్తాను. ఏడేళ్ళ పని ఎవడుపడితే వాడు చూస్తాడు. సంతోషమా?"

"సంతోషం అనే మాట నేనెలా అంటానురా?"

"చీమకి ఫోన్ చేశా" అన్నాడు. "తప్పు నాదని చెప్పా, రమ్మన్నా. రానంది. ఇంకోచోట అడుగుతున్నారట, ముందు పనెందుకు మానేశావని. నా పేరు శుభ్రం చెయ్యండి సార్, అది చాలంది."

మార్చి 28, శుక్రవారం

ఇవాళ ఆ ఫైలుతో సహా పెట్టె లోపలి కోడ్ అందరికీ తెరిచి పెట్టారు.

పద్దెనిమిది పంక్తులూ నా చేత్తోనే తిరిగి ఎక్కించాను. ఒక్కో అక్షరం పోల్చి చూసుకున్నాను. వాటి కింద పెట్టాల్సిన మాట తమ్ముడు రాసి తెచ్చాడు. "సాంకేతిక పొరపాటు వల్ల" అని ఉంది అందులో.

"పొరపాటు అనే మాట వద్దురా. అది నేను ఇప్పటికే వాడేశాను" అన్నాను.

"ఎక్కడ?"

"ఒకచోట."

నేనే రాశాను. ఫలానా తేదీన ఈ ఫైలు పైనున్న షరతును తెలిసి తెలిసి తీసేసి, వేరేది పెట్టింది నేను. పట్టికపై సంతకం చేసిన ఉద్యోగిని నన్ను నమ్మి పెట్టింది, ఆమెకు ఇందులో భాగం లేదు. ఇవాళ యథాతథంగా తిరిగి పెట్టాను. కింద నా పూర్తి పేరు, పుట్టింటి పేరుతో సహా. అది చదివి తమ్ముడు, "అక్కా, నాన్న పేరు కూడా వచ్చినట్టే ఇందులో" అన్నాడు. అవునన్నాను.

చీమకు ఆ చోటు ఎక్కడుందో పంపాను. సాయంత్రానికి ఒక్క మాట వచ్చింది. "చూశాను." ఇంకేమైనా వస్తుందేమోనని ఫోను పట్టుకుని కూర్చున్నాను. రాలేదు.

అక్కడ రాసిన మాట ఇక నా చేతిలో లేదు. ఆ ఫైలు ఎవరు తీసుకున్నా దాన్ని చెరపకూడదు, తర్వాతివాళ్ళకు దాంతో సహా ఇవ్వాలి. నేను ఎన్నడూ చూడని ఊళ్ళలో, నేను పోయిన తర్వాత కూడా, ఎవరో దాన్ని తెరిచి ముందు ఆయన పేరు, ఆ కింద నా పేరు చదువుతారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళంతా ముడుచుకుపోతుంది. ఉండనీ.

రేపు తెల్లవారుజామున కూర్చుంటాను. మాట వస్తుందో రాదో తెలియదు.

ఈ పుస్తకం వేరు. ఇందులో మా తమ్ముడు బల్ల మీద తల వాల్చుకున్నాడు. ఇందులో ఆ పిల్ల తన కళ్ళనే అనుమానించి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అవి వాళ్ళవి, పదిమందిలో పెట్టే హక్కు నాకు లేదు. నా తర్వాత ఇది ఎవరి చేతికి వస్తే వాళ్ళకు నా మనవి. చింపెయ్యకండి, చింపితే మళ్ళీ తీసేసినట్టే అవుతుంది. ఎవరికీ చూపించకండి. మూసిపెట్టి దాచండి.